మైకు పెట్టెలో కొబ్బరినీళ్ళు

"పోరగాళ్ళు తొక్కిన్రు పెద్దమ్మా, ఇంకేం లేదు. పొద్దటిసంది స్టేజి మీద ఎగురుతనే ఉన్నరు. కొత్త సెట్టు, నెల సుత కాలే. ఖరాబ్ చేసి పెట్టిన్రు."

"తొక్కితే చెక్క విరగాలి గానీ మైకు గుర్రుమంటుందా సెక్రటరీ గారూ? ఎవరికి చెబుతారండీ?"

"మరి ఎందుకు గుర్రుమంటున్నది? మీరే చెప్పుండ్రి."

"చెబుతాను. ముందు ఆ పిల్లల్ని అనడం ఆపండి."

"నేనేమంటున్న? ప్రోగ్రాం బందు చేద్దం అంటున్న. వచ్చే నెల మంచిగ పెట్టుకుందం. గింతమంది ముంగట ఇజ్జత్ తీసుకునుడు ఎందుకు?"

"వచ్చే నెలకి టీచరు గారి క్లాసే ఉండదు. అది మీకు తెలుసు, నాకూ తెలుసు."

ఈ మాటలన్నీ సెక్రటరీ గారికీ నాకూ మధ్య తెర వెనక జరుగుతున్నాయి. తెర ముందు హాలు నిండా జనం. పట్టు పరికిణీలు కట్టుకున్న పిల్లలు, పంచెలు జారిపోతున్న మగపిల్లలు, స్టేజి మీద ఒక మూలకి ఒదిగి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నారు. వాళ్ళ పక్కన సంగీతం టీచరు. ఆవిడ చేతిలో పాటల కాగితం నలిగి ఉండలా అయిపోయింది.

అమీర్‌పేటకీ పంజాగుట్టకీ మధ్య, మెయిన్ రోడ్డు వెనక సందులో ఉంటుంది మా కాలనీ హాలు. నేను చదివింది మూడో తరగతి. కమిటీలో నాకు కుర్చీ లేదు. కానీ మా ఇల్లు హాలుకి ఎదురుగా ఉంది. లైట్లు ఆర్పకుండా వెళ్ళిపోయేవాళ్ళని నేను ఊరుకోను కూడా. అందుచేత తాళాలు నా దగ్గరే ఉంచుతారు. ఫంక్షను అయిపోయాక ఒకసారి లోపలంతా తిరిగి, ఒలికిన నీళ్ళు తుడిపించి, మిగిలిన ఆకులు, ప్లేట్లు ఏరి పక్కన పెట్టించి గానీ తాళం వెయ్యను. నన్ను చూసి నవ్వేవాళ్ళున్నారు. నవ్వనీ.

ఈ ఏడాది కాలనీ వాళ్ళందరూ తలా కాస్త వేసుకుని హాలు బాగు చేయించారు. స్టేజి ఎత్తు పెంచి చెక్క పరిచారు. వెనక గోడంతా టీవీ పెట్టారు. పైన పైపులకి లైట్లు బిగించారు. హాలు వెనక ఒక బల్ల మీద సౌండు మిషను, దాని నిండా మీటలు. పాత స్టేజి మీద మైకు వైర్లు అడ్డదిడ్డంగా పడి ఉండేవి. సన్మానానికి పైకొచ్చిన పెద్దవాళ్ళు తట్టుకుని పడేవాళ్ళు. ఇప్పుడు అలా లేదు. స్టేజి ముందు వైపు, తెరకి కాస్త లోపలగా, సరిగ్గా మధ్యలో, చెక్కలోకి ఒక చిన్న పెట్టె దింపి ఇత్తడి మూత పెట్టారు. మైకులన్నీ అందులో గుచ్చితే తీగలు స్టేజి కిందుగా వెళ్ళి వెనక బల్ల దగ్గర తేలతాయి. వైరు లేని మైకులు కూడా చివరికి ఆ పెట్టెలోంచే మాట్లాడాలట. మంచి ఏర్పాటే. నేను కాదనను.

అయితే పాత స్టేజికి ఆ మధ్యచోటే ఒక రాయి ఉండేది. ఏ కార్యక్రమమైనా ముందు ఆ రాయి మీద కొబ్బరికాయ కొట్టాలి. ఆ తరువాతే తెర తియ్యాలి. అది మా హాలు పద్ధతి. బాగు చేసేటప్పుడు రాయి తీసేశారు. తీసేసిన సంగతి అందరికీ తెలుసు, చేతికి తెలియదు. కొత్త సెట్టు వచ్చాక జరిగినవన్నీ పుట్టినరోజు ఫంక్షన్లు. వాటికి కేకు కోస్తారు గానీ కాయ కొట్టరు. అందుకని ఆ సాయంత్రం దాకా ఎవరికీ అనుమానం రాలేదు.

ఇక టీచరు సంగతి. మా మనవరాలు ఆవిడ దగ్గరే నేర్చుకుంటుంది. మైత్రీవనం పక్క సందులో, మేడ మీద ఒక్క గదిలో క్లాసు చెబుతుంది. ఆవిడా, వాళ్ళమ్మా ఇద్దరూ ఆ క్లాసు మీదే బతుకుతున్నారు. ఈ నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమన్నాడు ఇంటాయన. కోచింగు పిల్లల హాస్టలుకి ఇస్తాడట. ఆ చుట్టుపక్కల పాటకి గది దొరకదు. అడిగిన ప్రతిచోటా చదువుకునే పిల్లలున్నారమ్మా, గోల వద్దు అంటారు. మా హాలుకి పక్కన ఒక గది ఉంది, విరిగిన కుర్చీలు పడేసుకోవడానికి తప్ప దేనికీ వాడరు. అది ఇప్పించమని ఆవిడ నన్ను అడిగింది. నేను సెక్రటరీ గార్ని అడిగాను. ఆయన అటూ ఇటూ ఆలోచించి, "నేనొక్కణ్ణి ఇయ్యలేను పెద్దమ్మా. పిల్లలతోని ఒక ప్రోగ్రాం పెట్టమను. మెంబర్లు చూస్తరు. నచ్చితే అప్పటికప్పుడే ఫైసలా చేద్దం," అన్నాడు. న్యాయమైన మాటే. ఆ ప్రోగ్రామే ఇది. ముందు వరసలో సోఫాల్లో కూర్చున్నవాళ్ళు ఆ మెంబర్లు.

తెర ముందు చప్పట్లు మొదలయ్యాయి. ఆలస్యమైతే మనవాళ్ళు కొట్టే చప్పట్లు అవి.

నేను వంగి ఆ ఇత్తడి మూత తీశాను. "ఇలా రా నాయనా," అని మైకు అతన్ని పిలిచాను. అతను ఫోను లైటు వేసి చూశాడు. లోపల తడి తళతళమంది. వేలు పెట్టి, ఏమనుకున్నాడో ఏమో, నాలిక మీద రాసుకున్నాడు.

"తియ్యగున్నది అన్నా," అన్నాడు సెక్రటరీ గారి వంక చూసి.

"తియ్యగుండుడేంది రా?"

"కొబ్బరినీళ్ళు."

సెక్రటరీ గారు నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. కాయ కొట్టింది ప్రెసిడెంటు గారు. నీళ్ళు పారబోయడం నాకిష్టం ఉండదు, అందుకని స్టీలు గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. గ్లాసు కింద పెట్టేలోపల ఫొటో అతను "సార్, ఇటు," అన్నాడు. ప్రెసిడెంటు గారు అటు తిరిగి నవ్వుతూనే పాత చోట ఠప్పున కొట్టారు. నీళ్ళన్నీ మూత మీదే.

"గిప్పుడు ప్రెసిడెంటు సాబ్‌కు ఎవరు చెప్పాలె?" అన్నాడు సెక్రటరీ గారు గొంతు తగ్గించి.

"ఎవరూ చెప్పక్కర్లేదు. దేవుడి పేరున జరిగింది. పిల్లల పేరు ఎత్తకుండా ఉంటే చాలు."

ఆయన నుదురు తుడుచుకున్నాడు. చొక్కా వీపు మీద అంటుకుపోయింది. పొద్దున్నుంచీ కుర్చీలు సర్దించడం, మంచినీళ్ళ క్యాన్లు తెప్పించడం అంతా ఆయనే. భోజనం చేశాడో లేదో కూడా తెలియదు. సెట్టు పాడైతే కాలనీ అంతా రేపు పట్టుకునేది ఆయన్నే. నేను గట్టిగా మాట్లాడాను గానీ, ఆయన భయం నాకు తెలియక కాదు.

మైకు అతను తువ్వాలుతో ఒత్తాడు, నోటితో ఊదాడు. మళ్ళీ గుచ్చి చూస్తే అదే గుర్రు, మధ్యలో చిటపట. "ఆరాలమ్మా. జల్ది కాదు. పాత పొడుగు వైరుంటే సీదా వెనకకు గుంజుదును," అన్నాడు. ఆ వైరు పాత సామాన్లవాడికి వేసేస్తుంటే వద్దని నేను చెప్పాను. ఇప్పుడా మాట ఎత్తి లాభం లేదు, ఊరుకున్నాను.

"మైకు లేకుండా పాడించు," అన్నాను టీచరుతో.

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పిన్నిగారూ, వీళ్ళకి గట్టిగా పాడటం రాదండీ. గోడకి అవతల కోచింగు క్లాసు. ఎప్పుడు గొంతు పెంచినా వచ్చి తలుపు కొట్టేవాళ్ళు. మెల్లగా, మెల్లగా అంటూనే నేర్పాను. హాల్లో మైకు ఉంటుంది కదా అనుకున్నాను."

అది వినేసరికి నాకూ ఏమీ తోచలేదు. కానీ తోచలేదని నిలబడితే తెర లేవదు కదా.

"మీ ఇష్టం పెద్దమ్మా. మెంబర్లకు నచ్చకపోతే నన్ను అడగొద్దు," అని సెక్రటరీ గారు తెర తాడు లాగించాడు.

మొదట ఒక చిన్నపిల్ల వచ్చి కీర్తన అందుకుంది. పెదాలు కదులుతున్నాయి. ముందు సోఫాల దాకా ఏమైనా వచ్చిందేమో గానీ, వెనక వాళ్ళకి ఏమీ లేదు. "వినబడ్తలేదు!" అని ఒకరు, "మైకు పెట్టుండ్రి!" అని ఒకరు. పిల్ల మధ్యలోనే ఆగిపోయి టీచరు వైపు చూసింది.

నేను చరచరా వెనక్కి వెళ్ళాను. "ఏసీలు ఆపు. ఫ్యాన్లు ఆపు. ఆ టీవీ కూడా, అదొకటి తేనెపట్టులా రొద."

"ఏసీ బందు చేస్తే జనం లేచి పోతరమ్మా," అన్నాడు మైకు అతను.

"పోయేవాళ్ళు పోతారు. ఉన్నవాళ్ళు వింటారు."

అన్నీ ఆగాక తెలిసింది, ఆ హాలు ఎంత రొద చేస్తుందో. ఒక్కసారి చెవుల్లోంచి దూది తీసినట్టయింది. వీధి వైపు కిటికీలు మూయించాను. అంతా అయినా పిల్ల గొంతు సగం దాకే వచ్చింది. పై కప్పు ఎత్తు, ముందున్న ఖాళీ, బరువైన తెరలు, అన్నీ కలిసి పాటని మింగేస్తున్నాయి.

అప్పుడు టీచరు ముందుకొచ్చింది. ఆవిడ గొంతు అంత గట్టిగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

"పిల్లలూ, అందరూ కిందికి దిగండి. చెప్పులు అక్కడే వదిలెయ్యండి. మధ్య దారిలోకి నడవండి. పెద్దలు ఏమీ అనుకోకుండా కుర్చీలు ఇటు తిప్పుకోవాలి."

కుర్చీలు బరబరా లాగిన చప్పుడు. పిల్లలు మెట్లు దిగి, జనం మధ్య దారిలో రెండు వరసలు కట్టి, చివరిదాకా నిలబడ్డారు. లైట్లన్నీ ఖాళీ స్టేజి మీద పడుతున్నాయి. పిల్లలు నిలబడ్డది మసక వెలుతురులో. వెనక గోడకి ఆనుకుని కూర్చున్న పనిమనుషులు, డ్రైవర్లు, ముసలివాళ్ళు, వాళ్ళే ఇప్పుడు పాటకి దగ్గరయ్యారు. సోఫాల్లో వాళ్ళు మెడలు తిప్పి చూడాల్సొచ్చింది. కాసేపు చూసి ప్రెసిడెంటు గారు లేచి, ఒక ప్లాస్టిక్ కుర్చీ తనే ఎత్తుకొచ్చి మధ్యలో వేసుకున్నారు. ఆ తరువాత మిగతావాళ్ళూ లేచారు.

టీచరు పిల్లలందరిచేతా కలిపి పాడించింది. ఒక్కొక్కరూ పాడవలసినవి కూడా కలిపే. ఒక్క గొంతు చిన్నది గానీ, అన్నీ కలిస్తే చిన్నవి కావు. ఎక్కడో ఒకడు తాళం తప్పుతున్నాడు, ఒకమ్మాయి చరణం ముందే ఎత్తేస్తోంది. నేను పాట తెలిసినదాన్ని కాను. బాగుందని చెప్పడానికి నాకు అర్హత లేదు. కదలకుండా విన్నారని మాత్రం చెప్పగలను. ఉక్కకి అందరూ అట్టముక్కలతో, కొంగులతో విసురుకుంటున్నారు. పాట తారస్థాయికి పోయినప్పుడు ఆ విసురుకోవడం కూడా ఆగేది.

చివరికి ఒక అమ్మాయి ఎల్లమ్మ పాట అందుకుంది, బల్కంపేటలో బోనాలప్పుడు ఆడవాళ్ళు పాడుకునే లాంటిది. అది కార్యక్రమంలో లేదు. వాళ్ళ నాయనమ్మ వెనకనుంచి "పాడవే, అది పాడు," అంటే మొదలుపెట్టింది. రెండో మాటకే ఆడవాళ్ళు అందుకున్నారు. మా కోస్తా వాళ్ళకి మాటలు రావు గనక చప్పట్లు కొట్టాం. సెక్రటరీ గారు తలుపు దగ్గర నిలబడి, తలుపు చెక్క మీద వేళ్ళతో దరువు వేస్తున్నాడు. నేను చూశానని తెలిసి చెయ్యి తీసేశాడు. కాసేపటికి మళ్ళీ పెట్టాడు.

అయిపోయాక ఎవరూ గది సంగతి ఎత్తలేదు. పులిహోర తిన్నారు, చేతులు కడుక్కున్నారు, "పిల్లలు మంచిగ పాడిన్రు," అని వెళ్ళిపోయారు. టీచరు ఒకచోట నిలవలేక మడిచిన చాపలే మళ్ళీ మడుస్తోంది. నేను సెక్రటరీ గార్ని ఆపాను.

"ఏంటండీ మరి?"

"మెంబర్లు ఏం చెప్పలే పెద్దమ్మా. నేను వాళ్ళతోని మాట్లాడుత."

"ఎప్పుడు?"

"జర ఊపిరి తీసుకోనియ్యుండ్రి."

"నెలాఖరు ఎంతో దూరం లేదు."

"ఎరుకే. నాకు సుత ఆడపిల్లలున్నరు," అన్నాడు విసుగ్గా, బండి తాళం తీస్తూ.

ఇంటికెళ్ళేటప్పుడు టీచరు "ఇవ్వరేమో పిన్నిగారూ," అంది. ఇస్తారో ఇవ్వరో నాకు తెలియదు. తెలియని మాట నేను చెప్పను. "తిని పడుకో," అన్నాను.

మర్నాడు పొద్దున పాల ప్యాకెట్లు తీసుకుని వస్తుంటే హాలు గేటు దగ్గర ఒక ట్రాలీ ఆటో ఉంది. సెక్రటరీ గారు తాళాల కోసం నన్ను లేపుదామా వద్దా అని మా ఇంటి వైపు చూస్తూ నిలబడ్డాడు. తాళాలిచ్చాను. పక్కగదిలోని విరిగిన కుర్చీలన్నీ ఆటోలోకి ఎక్కించాడు. "రాత్రి మెంబర్లకు ఫోన్లు చేసిన, సరే అన్నరు. మధ్యాహ్నాలు క్లాసు పెట్టుకోమను. ఫంక్షను ఉన్ననాడు ఉండదు. గట్టిగ పాడించుకోమను, ఎవ్వరేమనరు," అని బండెక్కి ఆఫీసుకి వెళ్ళిపోయాడు. నేను టీచరుకి ఫోను చేశాను. ఆవిడ వాళ్ళమ్మనీ, చీపురునీ వెంటబెట్టుకుని వచ్చింది. ముగ్గురం కలిసి గది కడిగాం.