రెండు తలుపులు, రెండు ముడులు

మా అత్తమ్మ వినికిడి ఒక్కరోజులో పోలేదు. మొదట కుక్కర్ కూత పోయింది. తర్వాత గల్లీలో పాలవాడి పిలుపు పోయింది. చివరికి మా మాటలు కూడా పోయాయి. మిషన్ తెచ్చి చెవిలో పెడితే, "లోపట తేనెటీగలు పోసినట్టున్నది" అని తీసి బియ్యం డబ్బా మీద పెట్టేసింది. దేనికీ ఏడ్చిన మనిషి కాదు. ఆషాఢం దగ్గర పడ్డాక మాత్రం మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఒక మాట అంది.

"ఈయేడు నేను గుడికి రాను. డప్పు ఇనవడకుంటే గదేం బోనం? అందరు ఉత్తగనే ఎగురుతున్నట్టు కనవడ్తది."

ఛత్రినాకకు కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఆమె తన బోనం తానే ఎత్తుకున్న మనిషి. డప్పు మూల తిరిగిందంటే పొయ్యి మీద అన్నం పొంగుతున్నా చూసేది కాదు. మోకాళ్లు మొరాయించాక బోనం నా నెత్తికి వచ్చింది, ఆమె వెనక నడిచేది. ఇప్పుడు అదీ వద్దంటోంది.

అంతకుముందు ఏడాది వరకూ కిరాయికి తిప్పిన మా ఆయన పాత కారు ఇంటి ముందు కవరు కప్పుకుని నిలబడి ఉండేది. ఆ వారంలోనే ఆయన శాలిబండ నుంచి ఆటోలో రెండు పెద్ద స్పీకర్లు, సీటు కింద పెట్టే ఒక నల్ల ఆంప్లిఫయర్ డబ్బా దించాడు.

"ఎవరికి ఇవన్నీ?" అన్నాను.

"అమ్మకు."

"మంచిగనే ఉన్నరా మీరు? ఆమెకు కుక్కరే ఇనవడది."

"చెవులతోనే ఇంటరా ఏంది? పెండ్లి బ్యాండు పక్క నుంచి పోతే గుండెల దడదడమంటది చూడు. గది చెవులది కాదు."



ఆదివారం పొద్దున పక్క గల్లీ భాయ్ వచ్చాడు. రేడియోలు, టీవీలు బాగుచేస్తాడు. మా ఆయనా అతనూ చిన్నప్పుడు ఒకే పతంగికి కొట్లాడుకున్నవాళ్లు. ఇద్దరూ కలిసి వెనక తలుపుల అట్టలు విప్పారు. తలుపు కడుపులోంచి ఏ ప్రయాణికురాలిదో ఒక గాజు ముక్క, గుప్పెడు పల్లీ పొట్టు రాలాయి. రేకు అదరకుండా ఏదైనా అడ్డం పెట్టాలని వాళ్లంటే నేను పాత బొంత తెచ్చి ఇచ్చాను.

"నక్కో భాభీ, బొంతొద్దు. వాన పడితే నానుతది" అని భాయ్ సైకిల్ ట్యూబు కోసి రేకుకు అతికించాడు.

వైరు కలిపే దగ్గర మొదలైంది వాళ్ల మర్యాద.

"నీ చెయ్యి మంచిది భాయ్, నువ్వు కలుపు."

"అరె, బండి నీది, అమ్మ నీకు అమ్మ. నువ్వే కలుపన్నా."

ఎవరూ ముందు పడలేదు. చివరికి ఎడమ తలుపు మా ఆయనకు, కుడి తలుపు భాయ్‌కి అని పంచుకున్నారు. తెచ్చిన వైరులో రెండు తీగలూ ఒకే రంగు. గుర్తు కోసం ఎవరి తలుపు వైరులో వాళ్లు ఒక తీగకు ముడి వేసుకున్నారు.

పోయినేడు మా గల్లీలోంచి బోనాలు పోతుంటే ఫోనులో పట్టిన డప్పు ఉంది మా ఆయన దగ్గర. అత్తమ్మను పట్టుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టి, అది పెట్టాడు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని చూసింది. కాసేపటికి, "ఏమున్నదిరా? ఫ్యాన్ తిరిగినట్టున్నది" అని దిగి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

మా ఆయన ఫోనులో డప్పు ఆపి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకున్నాడు. నేను చాయ్ తెచ్చాను. భాయ్ ఒక గుక్క తాగి ఆగాడు.

"అన్నా, నీ ముడి దేనికేసినవ్?"

"మైనస్‌కు."

"నేను ప్లస్‌కేసిన! డబ్బా కాడ రెండు ముడులు ఒకే తీరున కలిపినం." నెత్తి కొట్టుకున్నాడు. "ఒకడు బండిని ముందుకు తోస్తుండు, ఒకడు ఎనుకకు గుంజుతుండు. ఇగ కదుల్తదా?"

నాకు నమ్మకం కలగాలని గోడ గడియారం సెల్ అడిగి తీసుకున్నాడు. రెండు ముడి తీగలూ సెల్‌కు ఒకే వైపు ఆనించి చూపించాడు. ఎడమ స్పీకరు అట్ట ఉబ్బింది, కుడిది లోపలికి పోయింది. ఒక తలుపు తీగలు మార్చి కలిపారు.

"ఒక్కసారి కూసున్న గద!" అని అత్తమ్మ కదలనంది. నేను ఆమె ముందు నిలబడి, నెత్తి మీద కుండ పట్టుకున్నట్టు చెయ్యెత్తి చూపించాను. నా మొహం వైపు చాలాసేపు చూసి లేచింది.

ఈసారి డప్పు మొదలవగానే ఆమె వంగి తన కాళ్లకేసి చూసుకుంది. తర్వాత వీపు సీటుకు ఆనించి, అరచేయి తలుపు మీద పెట్టింది. నేను పక్కనే ఉన్నాను, నా పక్కటెముకల్లోనూ కొడుతోంది.

"ఆగుండ్రి" అంది, మేమేమీ అనకపోయినా. "గిది మన మూల కాడిది. ఇగ దెబ్బ మారుతది."

మారింది. ఆమె చెయ్యి దానంతటదే లేచి, లేని బోనాన్ని పట్టుకుంది.

ఎదురింటి ఆమె కిటికీలోంచి కేక వేసింది. "అక్కా, మా ఇంట్ల గిన్నెలు ఊగుతున్నయి, జర తగ్గియ్యుండ్రి!" నేను ఆ కిటికీ వైపు చూపించి, చెవులు మూసుకుని సైగ చేశాను.

"ఆమెకేంది, చెవులున్నయి. మూసుకోమను" అంది అత్తమ్మ.

అయిపోయాక కూడా దిగలేదు. "పిల్లా, నా ఎర్రంచు చీరెకు గంజి పెట్టు. బోనం నువ్వెత్తుకో, నేను ఎనుక బండిల వస్త. డప్పోళ్లకు చెప్పుండ్రి, బండిని ఆనుకోని కొట్టాలె."

మా ఆయన అటు తిరిగి, బిగించిన స్క్రూనే మళ్లీ బిగిస్తున్నాడు. ఆమె అతని వీపు మీద ఒకటి చరిచింది.

"మీరిద్దరు చాయ్ తాగిన్రు. నాకేదిరా?"