ఆడని గుర్రం

షాద్‌నగర్ చుట్టుపక్కల పెళ్లిళ్లకు గుర్రాన్ని కిరాయికి తిప్పడమే మా ఇంటి బతుకు. ఉన్నది ఒకే ఒక్క తెల్లగుర్రం. పెళ్లికొడుకులు మారుతుంటారు. డీజే చప్పుడు మాత్రం ఏటేటా పెరుగుతుంది. ఆ మోతకు నా తలే పగిలిపోయేది కానీ మా గుర్రం ఏనాడూ బెదరలేదు.

ఒక ఎండాకాలం అది తల ఎగరేయడం మొదలుపెట్టింది. ముక్కులో తేనెటీగ దూరినట్టు ఉలిక్కిపడి, తుమ్మి, ముక్కును ముందుకాలికి రుద్దుకునేది. బరాత్ ఊరేగింపులో అది చూసి జనం ఈలలేశారు. "గుర్రం డ్యాన్స్ చేస్తాంది రో!" అంటూ ఫోన్లు లేపారు. ఆడే గుర్రమని పేరుపడింది. గిరాకీ పెరిగింది. నాకూ సంతోషంగానే ఉండేది, ఎందుకు దాచాలి?

నా భార్యకు మాత్రం అనుమానం. "బ్యాండు లేనప్పుడు గూడ ఆడుతాందేంది? మన దొడ్లె డప్పెవరు కొడుతున్నరు?" అంది.

దిష్టేమోనని మెడకు నిమ్మకాయలు కట్టాం. తగ్గలేదు. చివరికి పశువుల దవాఖానకు తీసుకెళ్తే డాక్టరమ్మ పళ్లు, చెవులు, కళ్లు అన్నీ ఓపికగా చూసింది.

"ఇవన్నీ మంచిగనే ఉన్నయి. ముఖంల నరం నొప్పి లేస్తున్నట్టుంది. ఎండ పడితే షాక్ కొట్టినట్టయితది దానికి. ఆట గాదు, బాధ" అంది. పూర్తిగా పోయే మందు ఉందని చెప్పలేనంది. పగలు నీడలో ఉంచమంది, పొద్దుగూకాకే బయటికి తీయమంది, ముక్కు మీద సన్నని జాలి, అంటే వలలాంటి గుడ్డ, కట్టి చూడమంది. కొన్నిటికి పని చేస్తుందట, కొన్నిటికి చేయదట.

నా భార్య పాత దోమతెర కత్తిరించి, ఊపిరాడేలా వదులుగా కుట్టింది. మా అదృష్టం, తల ఊపడం చాలావరకు తగ్గింది. పగటి బరాత్‌లు ఒప్పుకోవడం మానేశాం. ముందే మాటిచ్చింది ఒక్కటి మిగిలింది. అది పొద్దున పూట పెళ్లి.

ఆ రోజు జాలి కట్టుకుని గుర్రం తలొంచుకుని బుద్ధిగా నడిచింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. పెళ్లికొడుకు మేనమామకు మాత్రం ఒళ్లు మండింది.

"ఆడే గుర్రమంటే పిలిస్తిమి. గిట్ల పీనుగ లెక్క నడుస్తదేంది? గా జాలి తీయి జర."

"ఎండకు నొప్పి లేస్తది సారూ. డాక్టరమ్మ చెప్పింది."

"పెండ్లి పూట నొప్పి ముచ్చటేంది? ఒక్కసారి ఊపితె చాలు, వీడియో తీస్కుంటం."

నేను కళ్లెం పట్టుకుని ఉండగానే ఆయన చెయ్యి చాచి జాలి లాగేశాడు. గుర్రం తల ఎగరేసింది, మళ్లీ ఎగరేసింది. ఈలలు మిన్నంటాయి. దాని కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. బ్యాండువాళ్లు ఇంకా జోరు పెంచారు. నాకు ఈ జనమంటేనే విసుగు పుట్టింది.

"దిగు బిడ్డా" అన్నాను పెళ్లికొడుకుతో. అతను వంగి దాని ముఖం చూసి దిగాడు. కింద పడ్డ జాలి దులిపి కట్టాను. "ఇగ నిన్నెవడు పిలుస్తడో చూస్త!" అని మేనమామ వెనక నుంచి అరిచాడు.

తర్వాత ఆయన అన్నట్టే అయింది, పిలుపులు ఆగిపోయాయి. కానీ ఆ పూట అవన్నీ ఆలోచించే ఓపిక లేదు. ఇంటికి చేరేసరికి నా భార్య గడపలో నిలబడి ఉంది.

"ఆడిందా?" అని భయంగా అడిగింది.

"ఆడిపిచ్చిండ్రు. ఇగ ఆడనియ్య."

తను నీళ్ల బకెట్‌ను నీడలోకి జరిపింది.