మూడో పూత ఆరేదాకా

ఆగస్టు నెలలో కడప జిల్లా అంతా వాన కోసం మబ్బుల వైపు చూస్తున్న రోజుల్లో, వాన రాకూడదని కోరుకున్న మనిషి ఒక్క పుల్లయ్యే అయ్యుంటాడు. ఆ మాట పైకి అన్నాడా అంటే, అనలేదు. అంటే ఊరు ఊరుకోదు. ఊరి సంగతి తర్వాత, ఇంట్లో భార్య నాగలక్ష్మమ్మ అసలే ఊరుకోదు.

పుల్లయ్య నలభై ఐదేళ్లు వచ్చేదాకా సేద్యం తప్ప మరొకటి ఎరగడు. గండికోట జలాశయంలో నీళ్లు నిలిచినప్పుడు అతని ఆరెకరాల్లో ఐదు మునిగాయి. గట్టు మీద మిగిలిన ఎకరాన్ని భార్యకు వదిలి, కర్నూలు వైపు కృష్ణ ఒడ్డుకు పోయి ఒక పాత చెక్కపడవ కొనుక్కొచ్చాడు. ఇప్పుడు తన చేను మీదుగానే పడవ నడుపుతూ, కోట చూడవచ్చినవాళ్లను తిప్పుతున్నాడు. "పైరు పెట్టినప్పుడు నా చేను సూడనీక ఒక్కరూ రాల్యా. మునిగినాక టికెట్ కొనుక్కోని వస్తాండారు" అని నవ్వుతాడు. ఆ నవ్వు చూసి మనం నవ్వలేం.

పోయిన నెల తనిఖీకి వచ్చిన ఆఫీసరు పడవ పైచెక్కల మీద బకెట్ నీళ్లు పోయించాడు. రెండు నిమిషాల్లో ఆ నీళ్లు సందుల్లోంచి పడవ అడుగుకు చేరాయి. వచ్చే నెల మొదటి సోమవారం మళ్లీ వస్తాననీ, అప్పటికీ కారితే ఈ ఏడాదికి పర్మిషన్ లేదనీ చెప్పి వెళ్లిపోయాడు. పర్మిషన్ లేకపోతే పడవ ఒడ్డున పడి ఎండాలి, పుల్లయ్య కూలికి పోవాలి. ఆ ముక్క ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

పడవ అమ్మిన పెద్ద ఈరన్నకు ఫోను చేస్తే ఆయన పాఠం చెప్పినట్టు చెప్పాడు. "సందుల్లో నార కుక్కల్లప్పా. గుగ్గిలం ఆముదంలో కాంచి పోయల్ల. దాని మీద మూడు పూతలు వార్నిష్. నడి ఎండలో పూసేవు, బుడగలు లేస్తాయి. మూడో పూత ఆరకముందు నీళ్లు పడినాయంటే తెల్లగా పాడైపోతాది. మళ్లీ మొదట్నుంచీ గీకల్ల."

పుల్లయ్య పడవను ఒడ్డుకు లాగించి, నార కుక్కి, గుగ్గిలం పోసి, గరుకు కాగితం పట్టి రుద్దాడు. రుద్దీ రుద్దీ వేలిముద్రలు అరిగిపోయాయి. శుక్రవారం మొదటి పూత, శనివారం రెండోది. ఆదివారం తెల్లవారగానే మూడోది వేసి కుంచె కడుగుతుంటే, వేరుశనగ చేనికి పోతున్న నాగలక్ష్మమ్మ ఆగింది.

"యోవ్, తూర్పున మబ్బు సూసినావా?"

"సూసినా."

"ఏంది, పీనుగను సూసినట్టు చెప్తాండావు? చెనిక్కాయ ఊడలు దిగేటప్పుడు ఇరవై రెండు దినాలు సుక్క లేదు. ఇంకో నాలుగు దినాలు ఇట్లనే ఉంటే కాయ పట్టదు, కట్టె పీకి ఎనుముకేసుకోవాల."

"రానీలే" అన్నాడు పుల్లయ్య. తల ఎత్తకుండా కుంచె కడుగుతూనే ఉన్నాడు.

వానను తిట్టిన పాపాన పోయినవాళ్లు వాళ్లింట్లో లేరు. చినుకు పడితే అతని నాయన ఎక్కడున్నా చెప్పులు విడిచి నిలబడేవాడు. ఆ అలవాటు పుల్లయ్యకూ వచ్చింది, కాపురానికి వచ్చిన నాగలక్ష్మమ్మకూ అబ్బింది. అలాంటిది, ఇవాళ మబ్బు కాస్త పక్కకు జరిగితే పుల్లయ్య ప్రాణం కుదుటపడుతోంది. కుదుటపడినందుకు సిగ్గేస్తోంది. గంటకోసారి పోయి వార్నిష్‌ను వేలితో తాకి చూశాడు. ప్రతిసారీ వేలు అంటుకుంది.

మూడు గంటలకు గాలి లేచింది. చినుకులు మొదలయ్యాయి. పుల్లయ్య చెప్పులు విడిచాడు, టార్పాలిన్ పట్ట కోసం పరుగెత్తాడు. ఆ తర్వాత అతని బుర్ర పని చేయలేదు, చేతులే చేశాయి. ముప్పై ఏళ్లు చెనిక్కాయల కుప్పను ఎలా కాపాడాయో అలాగే చేశాయి. పట్టను చెక్కల మీద బిర్రుగా పరిచి, చుట్టూ రాళ్లు పెట్టసాగాయి.

తడిసి ముద్దయి, ముఖం వెలిగిపోతూ చేను నుంచి పరుగెత్తుకొచ్చిన నాగలక్ష్మమ్మ అది చూసి అరిచింది. "ఇది చెనిక్కాయల కుప్ప అనుకున్యావా? బంక మీద పట్ట ఏస్తే చర్మం మాదిరి ఊడొస్తాది కదయ్యా! ఎత్తు!"

ఎత్తారు. ఒక మూల అప్పుడే అంటుకుని, చిర్రుమంటూ లేచింది. నాలుగు వెదుర్లు పాతి పట్టను పందిరిలా కట్టారు. వాన జోరు పెరిగింది. నీళ్లన్నీ పట్ట నడుమకు చేరి అది కడవలా కిందికి దిగసాగింది. ఇంకో జానెడు దిగితే చెక్కలకు తగులుతుంది.

నాగలక్ష్మమ్మ కొంగు పిండి నడుముకు దోపుకుంది. ఒక్క అంగలో పడవెక్కి, పచ్చి వార్నిష్ మీద నిలబడి తలతో, చేతులతో పట్టను పైకెత్తింది.

"అడుగులు పడతాయే!"

"పడనీ. రెండడుగులు పడితే ఏమైతాది, పడవంతా తడిసేదానికంటే మేలు కాదా? నువ్వూ రా, నాకు మెడ ఇరుగుతాండాది."

అతనూ ఎక్కాడు. పట్ట కింద ఇద్దరూ ఎదురెదురుగా, చేతులు పైకెత్తి గంట సేపు నిలబడ్డారు.

"చేను తడిసిందా?" అన్నాడు చివరికి.

"జానెడు లోతు దిగింటాది."

"పొద్దున్నుంచీ ఈ వాన రాగూడదని మనసులో అనుకుంటాండా మే" అన్నాడు పుల్లయ్య. ఆ మాట అనేసరికి అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నాకు తెలుసు" అంది ఆమె. "నీ వార్నిష్ ఏమైపోయినా పర్వాలేదు, వాన రావల్లని నేనూ మొక్కుకున్యా."

సోమవారం ఆఫీసరు వచ్చి బకెట్ నీళ్లు పోయించాడు. పది నిమిషాలు వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు. అడుగుకు ఒక్క చుక్క దిగలేదు. సంతకం పెడుతూ ఆఫీసరు చెక్కల నడుమ ఉన్న నాలుగు పాదముద్రలు చూశాడు. రెండు పెద్దవి, వాటికి ఎదురుగా రెండు చిన్నవి. చీర నుంచి నీళ్లు కారినచోట చిన్న పాదాల చుట్టూ తెల్లటి మచ్చలు కూడా ఉన్నాయి.

"ఇదేంటయ్యా, అసహ్యంగా? గీకి ఇంకో పూత వేయించు" అన్నాడు.

"అట్లే సార్" అన్నాడు పుల్లయ్య.

నెలలు గడిచాయి. అర డబ్బా వార్నిష్ ఇంట్లోనే ఉంది. పడవ ఎక్కేవాళ్లను పుల్లయ్య ఎక్కడైనా కూర్చోనిస్తాడు గాని, ఆ నాలుగు అడుగుల మీద మాత్రం కాలు పెట్టనివ్వడు. ఎందుకని అడిగితే, అక్కడ ఇంకా ఆరలేదని చెబుతాడు.