అర్జీలో రాయని ముక్క

పులుసులో చింతగింజ పంటికి తగిలినప్పుడల్లా నాకు ఒకాయన గుర్తొస్తాడు. పేరు అడగలేదు.

బాగేపల్లి బస్సు చింతామణిలో ఆగినప్పుడు, పక్క సీటులోని ఆయన నా మోచేయి తట్టి ఎదుటి అంగడి చూపించాడు. దాని ముందు చింతపండు గింజలు తీసే చేతి యంత్రాలు వరసగా పెట్టి ఉన్నాయి.

"అది నేను కనిపెట్టిందప్పా," అన్నాడు. వెల్డింగ్ పని చేస్తాడట. "ప్రొవిజనల్ పేటెంటుకు అర్జీ నేనే రాసి వేసినాను. లాయరును కూడా పెట్టుకోలేదు."

"మరి వాళ్ళెట్ల అమ్ముతాండారు?"

"చక్రం రాసినాను, హ్యాండిల్ రాసినాను, బొమ్మ గీసినాను. గుజ్జు అంటుకోకుండా చేసే ముక్క ఒకటి ఉండాది. దాన్ని మాత్రం రాయలేదు. ఆఫీసులో యావడన్నా చూసి కొట్టేస్తాడని భయం. ఏడాది లోపల పూర్తి అర్జీ వేయాల కదా, అప్పుడు రాస్తాములే అనుకుంటి. అంతలో ఇంకొకాయన దాన్ని తన అర్జీలో రాసేసుకున్నాడు. రాసిందానికే హక్కంట!"

నాకు జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చింది. కాగితం మీద లేనిది సర్కారు కంటికి ఆనదని ఈ వయసుకైనా తెలియదా?

"ఇంతకీ ఆ ముక్క ఏందప్పా?" అని అడిగాను.

ఆయన ముందు సీటు, వెనక సీటు చూసి గొంతు తగ్గించాడు.

"అది మాత్రం చెప్పేదానికి లేదు."

బయట అంగడాయన ఒక యంత్రం మూత తీసి, లోపలి ముక్కను వేలితో తిప్పుతూ, కొనడానికి వచ్చినామెకు వివరంగా చెబుతున్నాడు.