నర్సన్నతో కొట్లాడిన అవ్వ

అవ్వ పోయిందన్న కబురు నాకు బడిలో అందింది. లక్సెట్టిపేటలో మూడో తరగతి పిల్లలతో ఎక్కాలు చదివిస్తున్నాను. బెల్లంపల్లి బస్సు దిగి వచ్చిన బొగ్గుబాయి కార్మికుడొకాయన గుమ్మం దగ్గరే నిలబడి, "పంతులమ్మా, అవ్వ ఇగ లేదు. పొద్దుగాలనే పోయింది" అన్నాడు. పిల్లలు ఎక్కాలు ఆపలేదు. నేనూ ఆపమనలేదు.

బెల్లంపల్లి క్వార్టర్లలో ఆమెది మా పక్కిల్లు. రజాకార్ల గొడవలు సద్దుమణిగిన ఏడాది భర్తతో, ఒక్కగానొక్క కొడుకుతో గోదావరి అవతలి పల్లె నుంచి వచ్చింది. భర్త జ్వరంతో పోతే, కొడుకు బాయిలో పనికి దిగాడు. అప్పటిదాకా ఆమె పాడినవన్నీ ధర్మపురి నర్సింహస్వామి మీద అందరూ పాడుకునే భజనలే.

ఒకరోజు గని పైకప్పు కూలింది. అదే గనిలో పనిచేసే మా బాపు ఆ పూట షిఫ్టులో లేడు. అవ్వ కొడుకు ఉన్నాడు. మూడు రోజులు ఆమె బాయి ముందే కూర్చుంది. శవాన్ని పైకి తెచ్చినప్పుడు ఏడవలేదు, పాట ఎత్తుకుంది. గనిలో పైకప్పు నిలవడానికి బొగ్గునే స్తంభాలుగా వదిలేస్తారు. అది తెలిసిన కార్మికులంతా ఆ పాటకు తలలు వంచుకున్నారు.

"కంబం చీల్చుకొస్తివంట పసివాడు పిలిచెనని
బొగ్గుకంబాల నడుమ నా కొడుకు పిలిస్తె
ఇనరాలేదా నర్సన్నా, నీకు ఇనరాలేదా"

ఆ తర్వాత పాటలు ఆగలేదు. జొన్నలు విసురుతుంటే వచ్చేవి, నల్లా దగ్గర బిందె పెడితే వచ్చేవి. ఆమెకు అక్షరం రాదు. నేను రాసిపెట్టేదాన్ని. మాది మిషను చర్చి కుటుంబం. ఆదివారం ఆరాధన ముగించుకుని అదే చీరతో వెళ్ళి కూర్చునేదాన్ని. "కిరస్తానం పిల్ల స్వామి పాటలు రాసుడేంది?" అని ఒకామె అడిగింది. అవ్వ విసుక్కుంది. "నాకు రాయొస్తదా? నీకొస్తదా? ఆ పిల్లకొస్తది. నువ్వు జర సప్పుడు చేయకుంట కూసో."

పాడే ముందు నీళ్ళు పుక్కిలించి ఉమ్మేది. ఎందుకని అడిగితే, "దేవుని తిట్టెటప్పుడు నోరు సాఫ్‌గుండాలె బిడ్డా" అనేది.

ఒకసారి భజన మండలి పెద్దాయన వచ్చి బతిమాలాడు. "అవ్వా, ఆ పాట ఆఖరుకు నన్ను మన్నించు సామీ అని ఒక్క చరణం కట్టరాదు? గుళ్ళె పాడుకుంటం."

"ఎందుకు రాలేదో ముందుగాల ఆయన్ను చెప్పుమను. గప్పుడు కడుత."

ఆ పాట గుడిలోకి వెళ్ళలేదు. అయినా ఊళ్ళ నుంచి జనం వచ్చి ఆమె కాళ్ళకు మొక్కేవారు. అవ్వ కాళ్ళు వెనక్కి లాక్కునేది. "మొక్కకుండ్రి. నేనింకా ఆయనతోని కొట్లాటల్నే ఉన్న."

నాకు లక్సెట్టిపేట బదిలీ అయ్యాక అవ్వకు దగ్గు ముదిరింది. ఈ ఏడు పరీక్షల రోజుల్లో కబురు పంపింది. "కొత్త పాటొచ్చింది. జల్ది రమ్మను, ఉంటదో పోతదో." పరీక్షలు అయిపోనీ అనుకున్నాను. ఒక ఆదివారం గడిచింది. మళ్ళీ కబురు వచ్చింది. ఇంకో ఆదివారమూ గడిచింది. దీనికి ఇప్పుడు నేను ఎవరికి సంజాయిషీ చెప్పుకోను?

మూడో ఆదివారం నేను వెళ్ళేసరికి అవ్వ గొంతు పూర్తిగా పోయింది. నన్ను చూసి లేవబోయింది. దిండుకు ఆనించి కూర్చోబెట్టాను. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. చెవి ఆమె నోటికి ఆనించాను. ఊపిరి తప్ప ఏమీ తెలియలేదు.

"ఒక్క ముక్క చెప్పవ్వా, ఒక్క ముక్క" అని ఏడ్చాను. "నర్సన్న జవాబిచ్చిండా? ఇంకా తిడుతున్నవా?"

తల అవునన్నట్టు కదిలిందో, కాదన్నట్టు కదిలిందో నాకు అంతుపట్టలేదు. పాటలో ఉండొచ్చని నాకు తోచిన మాటలన్నీ ఒక్కొక్కటే అన్నాను. ఏదీ కాదన్నట్టు కళ్ళు మూసుకుంది. కాసేపటికి కళ్ళు తెరిచి నా చెయ్యి దగ్గరికి లాక్కుంది. కొత్త పాటను పల్లవి నుంచి మొదలుపెట్టినట్టుంది. పెదవులు కదుపుతూ, నా మణికట్టు మీద వేళ్ళతో తాళం వేస్తోంది. ఏడు దెబ్బలు, కాస్త ఆగడం, మళ్ళీ ఏడు.