మిట్ట మీద మొరాయించే బండి

సదుం చుట్టుపక్కల టమోటా వేసే రైతులకు రాజేశ్వరి బండి దూరం నుంచే తెలుస్తుంది. నీలం రంగు వెలిసి తెల్లబడిన చిన్న లారీ. వేగం చూపించే ముల్లు ఎప్పుడో ఆగిపోయింది. "ముల్లు నిలబడిపోయింది గానీ బండి నిలబడలేదు కదప్పా," అంటుంది ఆమె, అదేదో బండి చేసిన ఘనకార్యం అన్నట్టు.

రాజేశ్వరి ఒకప్పుడు తోటల్లో కాయలు కోసే కూలీ. ఇప్పుడు ఆ కాయల్ని మదనపల్లె మార్కెట్టుకు తోలేది ఆమే. డ్రైవింగు కూర్చోబెట్టి ఎవరూ నేర్పలేదు. భర్త బాలప్ప పక్కన కూర్చుని చూసిందంతే. ఆయనకు నడుము పట్టేసిన ఏడాది స్టీరింగు అందుకుంది, మళ్లీ వదల్లేదు. బండి గురించి అడిగితే చాలు, పెరట్లో ఖాళీ టమోటా బాక్సు బోర్లించి "కూసో" అంటుంది. ఈ సంగతి అలా కూర్చుని విన్నదే.

ఈ ఎండాకాలం బండికి ఒక జబ్బు పట్టుకుంది. ఖాళీగా పోతే బాగానే పోతుంది. సమతలం మీద లోడుతోనూ పోతుంది. పుంగనూరు దారిలో ఎద్దులమిట్ట దగ్గర యాక్సిలరేటరు అదిమితే మాత్రం వేగం అందుకోవలసింది పోయి, గొంతు పట్టుకున్నట్టు మూలుగుతుంది. వెనక నల్లటి పొగ. కాలు తీసి కాసేపు ఆగితే ఏమీ ఎరగనట్టు మామూలైపోతుంది. మార్కెట్టులో వేలం ముగిశాక చేరిన కాయల్ని అడిగేవాళ్లుండరు. ఇంకోసారి ఆలస్యమైతే వేరే బండి చూసుకుంటామని రైతులు చెప్పేశారు.

ఆ మాట విని బాలప్ప కుప్పంలో పాత బండ్లు విప్పి సామాన్లు అమ్మే ఒకతనితో మాట్లాడేశాడు. ఆదివారం వచ్చి తోలుకుపోతానన్నాడతను.

"నన్ను అడగకుండా యాల మాటిచ్చినావు?" అంది రాజేశ్వరి.

"దానికి ఆయాసం వచ్చేసిందే. ఎన్నాళ్లని నెట్టుకొస్తావు?"

"నీకూ నడుము పోయిందిలే. నిన్ను గూడా కుప్పానికి తోలేద్దునా?"

మర్నాడు పుంగనూరులో ఉమాపతి షెడ్డుకు తీసుకుపోయింది. ఆ బండిని ఏళ్లుగా బాగుచేస్తున్నవాడు అతనే. డీజిల్ ఫిల్టరు మార్చి చూశాడు. తేడా రాలేదు. "డీజిల్ పంపు పోయినట్టుందమ్మా. ముసిల్దైపోయింది. పంపు మార్చేదానికన్నా బండి మార్చేది మేలు," అన్నాడు.

"నువ్వూ ముసిలోడివైపోతాండావు ఉమాపతన్నా. మా వదిన నిన్ను మార్చిందా?"

ఉమాపతి పకపకా నవ్వాడు. రాజేశ్వరి మాత్రం తన లెక్క తాను చెప్పుకుపోయింది. "పంపు పోతే డీజిల్ చాలదు. చాలకుంటే నల్లపొగ యాడ నుంచి వస్తాది? తిండి దండిగానే పోతాండాది. దానికి ఊపిరాడడంలేదన్నా."

"అదీ నిజమే," అన్నాడు ఉమాపతి. గాలి ఫిల్టరు విప్పాడు. శుభ్రంగా ఉంది. రాజేశ్వరిని యాక్సిలరేటరు తొక్కమని, దాని తీగ చూశాడు. నిండుగా లాగుతోంది. పొగగొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. పొగ అడ్డం లేకుండా తన్నుకొస్తోంది. బండి షెడ్డులో ఉన్నంతసేపూ దానంత ఆరోగ్యవంతురాలు లేదు.

ఇంటికొచ్చే దారంతా రాజేశ్వరి ఒకటే ఆలోచించింది. నిలబెట్టి చూసినప్పుడు లేని జబ్బు బరువు లాగేటప్పుడు వస్తోంది. అలాంటప్పుడు చూడవలసింది కూడా లాగేటప్పుడే. తాను స్టీరింగు దగ్గరుంటే ఎదురుగా దారి తప్ప ఏం కనిపిస్తుంది?

పొద్దున్నే లోడెక్కించాక బాలప్పను కూడా బండెక్కమంది. "మిట్ట దాకా నేను తోలతాను. మిట్ట కాణ్నుంచి నువ్వు. నేను వెనక నిలబడతాను."

"వెనక నిలబడి తోస్తావా ఏంది?"

"సూస్తాను. నువ్వు దయతల్చకుండా తొక్కు."

ముందున్న డ్రైవరు గదికీ టమోటా బాక్సులకూ మధ్య సందులో, ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడింది. ఇంజనుకు గాలి పోయే గొట్టం అక్కడే, గది వెనక నిలువుగా ఉంటుంది. దాని తలకు చేప మొప్పల్లాంటి చీలికలు. బండి మిట్ట ఎక్కసాగింది. బాలప్ప తొక్కాడు. ఇంజను గుర్రుమంది. అంతలో గొట్టం మెడకు కట్టిన పసుపుగుడ్డ కొస, అంతదాకా వేలాడుతున్నది, పైకి లేచి ఆ చీలికలకు అతుక్కుపోయింది. తడిగుడ్డ ముఖాన కప్పినట్టు. బండి మూలిగింది. నల్లపొగ కమ్మింది.

రాజేశ్వరి చెయ్యి చాపి ఆ కొసను పక్కకు లాగి పట్టుకుంది. బండి ఒక్క ఉదుటున ముందుకు దూకింది. పొగ పలచబడింది. నమ్మకం కుదరక మళ్లీ వదిలింది. మళ్లీ మూలుగు. మళ్లీ లాగి పట్టుకుంది. అలా పట్టుకునే మిట్ట ఎక్కించేసింది.

పైన బాలప్ప బండి ఆపి తల బయటపెట్టాడు. "ఏం జేసినావే? కుర్రదాని మాదిరి ఎక్కేసె!"

"ఏమీ లేదు. ముక్కు మీద చెయ్యి తీసినాను."

ఆ పసుపుగుడ్డ రాజేశ్వరి అత్త కుప్పమ్మ కట్టిన ముడుపు. జాతర రోజు బండి కడిగి, బొట్లు పెట్టి, కొత్త గుడ్డలో రూకా అక్షింతలూ మూటగట్టి, బండి చల్లగా తిరిగితే ఏటపోతును ఇస్తానని గంగమ్మకు మొక్కుకుని కట్టింది. జబ్బు మొదలైంది ఆ తర్వాతే. ముడుపును అనుమానించాలని ఎవరికీ తోచలేదు. అందరూ దాన్ని చూశారు, దండం పెట్టారు. ఫిల్టరు విప్పేటప్పుడు ఉమాపతి కూడా కళ్లకద్దుకుని పక్కకు తప్పించాడట. నిలబడిన బండి మీద అది బుద్ధిగా వేలాడుతూనే ఉంటుంది మరి.

మార్కెట్టు నుంచి వచ్చాక అత్తను బండి దగ్గరకు పిలిచింది. కుప్పమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "మొక్కు తీరకుండా ముడుపు విప్పుతారా మే? అమ్మోరు ఊరుకుంటాదా?"

"విప్పేది నువ్వే అత్తా, కట్టేదీ నువ్వే. జాగా మార్సు, అంతే. ముక్కుకు కట్టినావు. దాని మెడలో కట్టు."

"దానికి ముక్కు ఆడుండాదని నాకేం తెలుసు తల్లీ! ఎత్తుగా ఉండాది, నలుగురి కాళ్లూ తగలవని కట్టినాను," అంటూ కుప్పమ్మ నాలుక కరుచుకుంది. లెంపలు వేసుకుని, తానే ముడి విప్పి, మెడలో వేసినట్టు లోపల అద్దానికి కట్టింది. తర్వాత గొట్టం తలను మెల్లగా నిమిరింది, బిడ్డ ముఖం తుడిచినట్టు.

శనివారం మామూలు కంటే ఎక్కువ బాక్సులు ఎక్కించి, రాజేశ్వరి ఒక్కతే ఎద్దులమిట్ట ఎక్కింది. యాక్సిలరేటరు నిండా అదిమింది. వేలం మొదలుకాక ముందే మదనపల్లెలో ఉంది. తిరిగొస్తూ పుంగనూరులో ఆగి ఉమాపతికి చెబితే, అతను తల గోక్కుని, "ఇంకమీద దండం పెట్టినదాన్ని గూడా అనుమానంగా చూడాల," అన్నాడు.

ఇంటికొచ్చి ఫోను బాలప్ప చేతికిచ్చింది. "మాటిచ్చినోడివి నువ్వు. నువ్వే చెప్పు."

బాలప్ప గొంతు సవరించుకున్నాడు. "అప్పా, రేపు రావద్దు. బండి ఇచ్చేది లేదు." అవతలి మనిషి ఏదో గట్టిగా అడుగుతున్నాడు. బాలప్ప భార్య వైపు చూశాడు. "ఎట్లా వస్తాండాను కదా అని, కుప్పం నుంచి ఈ పక్కకు ఒక లోడు తెచ్చేదానికి గూడా ఒప్పుకున్నాడంటనే. దాన్ని ఊరికే పోనియ్యాల్నా అంటాండాడు."

"యాల ఊరికే? ఆ లోడు కుప్పంలో యాడుండాదో చెప్పమను," అంది రాజేశ్వరి. "మనమే పోయి ఏసుకొస్తాము."