పెంచిన పిట్టగోడ

కారానికి ఎండబెట్టిన మిరపకాయలు గాలికి ఎగిరిపోతున్నాయని, నిరుడు మా డాబా పిట్టగోడను నేనే రెండు వరసలు పెంచించాను. ఈ వేసవిలో తీతువు పిట్ట వచ్చి, ఇల్లు కట్టగా మిగిలి డాబా మీదే ఉండిపోయిన కంకరలో నాలుగు గుడ్లు పెట్టింది.

"అది కూస్తే ఇంటికి కీడే. తోలెయ్," అంది అత్త. ఎండకు గుడ్లు మాడకుండా పొట్ట తడుపుకొచ్చి వాటి మీద కూర్చునేదాన్ని ఎలా తోలను?

గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చిన మర్నాడు తల్లి పిట్ట మా ఇంటి పక్కనున్న ఖాళీ స్థలంలోకి దిగి పిలవసాగింది. పిల్లలు పరుగెత్తి వెళ్లి, పెంచిన పిట్టగోడకు కొట్టుకుని పడుతున్నాయి. నూకలు చల్లితే ముట్టలేదు. దగ్గరికెళితే మగపక్షి నా నెత్తిమీదికి దూకింది.

పక్కింటి మెకానిక్ భార్య తన డాబా మీంచి చూసి, "ఏంది చూస్తన్నావక్కా? చేటలో పెట్టి కిందికి దించు!" అని అరిచింది. తలకు తువ్వాలు చుట్టుకుని దించాను. మూడే దొరికాయి. ఎంత వెతికినా కంకరలో కంకరలా కలిసిపోయిన నాలుగోది కనబడలేదు.

మర్నాడు కనబడింది, గోడ మొదట్లో, చీమలు పట్టి. కింద తల్లి గొంతు ఆగలేదు.

"చానా చెప్పా, ఇన్నావా? చూడు, ఎట్టా కూస్తందో," అంది అత్త.

"పిలుస్తంది అత్తా," అన్నాను.